చైనొక్కటే మార్చండి చాలు

చైను సాగిందని అందరూ అంటారు గానీ ఉక్కు రేకులు ఎక్కడైనా సాగుతాయా? ప్రతి లింకులోనూ ఓ పిన్ను, ఆ పిన్ను తిరిగే బెజ్జం ఉంటాయి. రెండూ ఒరుసుకుని ఒరుసుకుని వెంట్రుకవాసి అరుగుతాయి. వందకు పైగా పిన్నులు తలా వెంట్రుకవాసి అరిగితే మొత్తం మీద చైను పొడుగవుతుంది. ఈ సంగతి తేల్చడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు, పన్నెండంగుళాల స్కేలు చాలు. సున్నా గీతను ఒక పిన్ను నడిమధ్యన పెట్టి చూస్తే, అక్కణ్ణుంచి ఇరవై నాలుగో పిన్ను సరిగ్గా 12 గీత మీద కూర్చోవాలి. అంగుళంలో పదహారో వంతు ముందుకు జరిగిందా, చైను మార్చే వేళయింది. ఎనిమిదో వంతు జరిగిందా, చైనుతో పాటు వెనక పళ్లచక్రాలకూ కాలం చెల్లింది.

మా మేనల్లుడు డల్లాస్ వెళ్తూ మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో వదిలిపోయిన గేరు సైకిలుకు కొలిస్తే ఆ పిన్ను ఎనిమిదో వంతు కూడా దాటి, ఇంకా ముందుకెళ్లి కూర్చుంది. పక్కనే వంగి చూస్తున్న ఏఈ గారు మాత్రం స్కేలును నమ్మలేదు.

"చైనొక్కటే మార్చండి చాలు మాస్టారూ. మిగతాదంతా షాపువాళ్ల వ్యాపారం" అన్నారు.

ఏఈ గారిది మా ఎదురు ఫ్లాటు. విద్యుత్ శాఖలో అసిస్టెంట్ ఇంజినీరుగా రిటైరయ్యారు. ట్రాన్స్‌ఫార్మర్లు విప్పి బిగించిన చేతులకు సైకిలొక లెక్కా అని ఆయన నమ్మకం. సైకిలు కడ్డీ మీద "21 స్పీడ్" అన్న స్టిక్కరు చూసి, ఇరవయ్యొకటో నంబరు చైను తెప్పించమని అక్కడికక్కడే తీర్పు చెప్పారు. అలాంటి చైను భూప్రపంచంలో లేదు. ముందు మూడు చక్రాలు, వెనక ఏడు, హెచ్చవేస్తే ఇరవయ్యొకటి. చైనుకు ఆ హెచ్చవేత పట్టదు. దానికి కావాల్సింది వెనక ఎన్ని చక్రాలున్నాయన్నది ఒక్కటే. వెనక ఆరున్నా, ఏడున్నా, ఎనిమిదున్నా ఒకటే రకం చైను. తొమ్మిదికి వేరు, పదికి వేరు, పదకొండుకు వేరు, పన్నెండుకు వేరు.

"అలాగైతే పన్నెండుదే తెప్పించండి, ఎక్కువ కాలం మన్నుతుంది" అన్నారాయన, కేబుల్ మందం లెక్కలో.

ఈ లోకంలో లెక్క తిరగబడి ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ చైను సన్నబడుతుంది, ధర బలుస్తుంది. వెనక ఉన్న చోటు దాదాపు అంతే. అందులో ఏడు చక్రాల బదులు పన్నెండు ఇరికించాలంటే చక్రాలు ఒకదానికొకటి దగ్గరగా జరగాలి, మధ్యలో తిరిగే చైను నడుం బిగించాలి. మన ఏడు, ఎనిమిది చక్రాల చైను బయటి వెడల్పు 7 మిల్లీమీటర్ల పైచిలుకు. పన్నెండుది 5 మిల్లీమీటర్ల పైచిలుకు. ఆ సన్నపుదాన్ని తెచ్చి ఏడు చక్రాల మీద వేస్తే, ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి వెళ్తూ వెళ్తూ మధ్య సందులో జారి ఇరుక్కుంటుంది. లావుదాన్ని తీసుకెళ్లి పది చక్రాల మీద వేస్తే అటూ ఇటూ పక్క చక్రాలను రాసుకుంటూ రోడ్డంతా గరగరలాడుతుంది.

అసలు తిరకాసెక్కడంటే, పిన్నుల ఎడంలో మాత్రం అన్నీ ఒకటే. హాన్స్ రెనాల్డ్ అనే స్విట్జర్లాండ్ ఆయన 1880లో ఇంగ్లండులోని మాంచెస్టర్లో ఇప్పటి రోలర్ చైనుకు రూపం పోశాడు. ఈనాటి సైకిళ్లలో పిన్నుకూ పిన్నుకూ మధ్య అరంగుళం దూరం, అది పాలవాడి సైకిలైనా పోటీల సైకిలైనా సరే. అందుకే గేరు చైన్లలో ఏది తెచ్చి ఏ గేరు సైకిలు పళ్ల మీద పెట్టినా చక్కగా కూర్చున్నట్టే ఉంటుంది. అసలు కూర్చోకపోతే గొడవే లేకపోను! షాపులోనే తిప్పికొట్టి ఇంటికొచ్చేవాళ్లం. చేత్తో పెడలు తిప్పితే బ్రహ్మాండంగా తిరుగుతుంది. మనిషెక్కి ఫ్లైఓవర్ ఎక్కబోతేనే దాని సంగతి బయటపడుతుంది.

మా చిన్నప్పటి నల్ల సైకిలుకు ఈ బాధ లేదు. ఊళ్లో షాపులో మేకుకు ఒకటే రకం చైను వేలాడేది. హీరోకూ అదే, అట్లాస్‌కూ అదే, హెర్క్యులెస్‌కూ అదే. వదులైతే వెనక చక్రం నట్లు సడలించి, చక్రాన్ని కాస్త వెనక్కి లాగి బిగిస్తే వైద్యం పూర్తయినట్టే. పేచీ అంటూ పెట్టేది కాటరు పిన్ను ఒక్కటే. పెడలు క్రాంకును ఇరుసుకు బిగించే ఆ పిన్నుకు ఒకవైపు చదునుగా చెక్కి ఉంటుంది. కుడి క్రాంకులో ఒకవైపు నుంచి దూరిస్తే ఎడమ క్రాంకులో దానికి ఎదురువైపు నుంచి దూర్చాలి. కొత్తగా పనిలో చేరిన కుర్రాడు రెండూ ఒకే వైపు నుంచి దూర్చి సుత్తితో దిగగొట్టాడంటే, రెండు పెడళ్లూ ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా నిలవవు. అలాంటి సైకిలు మీద వెళ్లే పెద్దమనిషి, రెండు కాళ్లూ నిక్షేపంగా ఉన్నా, కుంటుతున్నట్టే కనపడేవాడు.

గేరు సైకిళ్లు కూడా మొదట్లో ఇంత పట్టుదల పట్టేవి కావు. పాతకాలపు గేరు మీటకు క్లిక్కులుండేవి కావు. మీటను మెల్లగా లాగుతూ, చప్పుడు ఎక్కడ ఆగిందో చెవితో విని అక్కడ వదిలేసేవారు. ఎవరి ఫ్రీవీలు (వెనక పళ్లచక్రాల గుత్తి) ఎవరి మీటకు తగిలించినా తొక్కేవాడి చెవే మధ్యవర్తిత్వం చేసేది. 1984లో జపాను కంపెనీ షిమానో తన డ్యూరా-ఏస్ సరంజామాలో ఒక్కో గేరుకు ఒక్కో క్లిక్కు పెట్టింది. చెవికి విశ్రాంతి దొరికింది. ఆనాటి నుంచి మీట, కేబులు, చైనును చక్రం నుంచి చక్రానికి నెట్టే డిరైల్యూరు, పళ్లచక్రాలు ఒకే మాట మీద నిలబడక తప్పలేదు. ఒకటి మాట తప్పిందా, మిగతావి సహాయ నిరాకరణకు దిగుతాయి.

చివరికి ఏఈ గారి మాటే నెగ్గి, మా సైకిలుకు కొత్త చైనొక్కటే వేయించాం. ఏడు చక్రాలకు పనికొచ్చేదే, కంపెనీదే. హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా, అక్కడికి తీసుకెళ్లాను. తేలిగ్గా తొక్కినంతసేపూ పాపం దాని మానాన అది నడిచింది. కాస్త బలంగా తొక్కానో లేదో చైను పళ్ల మీంచి ఎగిరి "ఠక్" మని ఒక పన్ను ముందుకు పడింది. కాలు గాల్లోకి, మోకాలు హ్యాండిలుకు. ట్రాక్ మీద ఒళ్లంటుకునే బట్టలేసుకుని దూసుకుపోతున్న పిల్లలు "అంకుల్, ఆర్ యూ ఓకే?" అని అడిగేసి, జవాబుకు ఆగకుండానే వెళ్లిపోయారు.

"చైన్ కొత్తది, ఫ్రీవీల్ పాతది సార్. ఈ రెండిటికి పడది" అన్నాడు షాపులో మెకానిక్, సైకిలును స్టాండుకు ఎక్కించకుండానే. "పళ్లు జూడుండ్రి."

చూశాను. రోజూ వాడే చక్రాలు రెండింటి పళ్లు ఒకవైపు వాలి, కొసలు సూదుల్లా తేలి ఉన్నాయి. పాత చైను పొడుగవుతూ పొడుగవుతూ వాటిని తన కొలతకే అరగదీసుకుంది. కొత్త చైను సరిగ్గా అరంగుళం మీద వచ్చేసరికి దాని రోలర్లకు పట్టు దొరకడం లేదు. ఎక్కువ వాడకం లేని పెద్ద చక్రాల మీద మాత్రం అదే చైను బుద్ధిగా నడుస్తోంది.

"మరి ఆ రెండు చక్రాలే మార్చు" అన్నారు ఏఈ గారు.

"గట్ల రావు సార్, మొత్తం ఫ్రీవీలే."

ఫ్రీవీలు విప్పడం చూసి తీరవలసిన తంతు. అది హబ్బు మీద మరలతో బిగుస్తుంది. తొక్కిన ప్రతి తొక్కుకూ ఇంకాస్త బిగుస్తుంది గనక, మా మేనల్లుడు ఆఫీసుకు తొక్కిన తొక్కుళ్లన్నీ ఆ మరల్లోనే దాగున్నాయి. దాని గాడిలో సరిగ్గా కూర్చునే పుల్లరు వేరే ఉంటుంది. ఒక రకం పుల్లరు ఇంకో రకానికి పనికిరాదు; మెకానిక్ డబ్బాలో మూడు నాలుగు రకాలు గలగలలాడుతున్నాయి. సరైనది వెతికి బెంచి వైసులో బిగించి, దాని మీద చక్రాన్ని బోర్లించి, అటు అతనూ ఇటు కుర్రాడూ రిమ్ము పట్టుకుని ఎడమకు తిప్పారు. కదల్లేదు. కుర్రాడు చెప్పులు విప్పి మళ్లీ పట్టాడు. ఈసారి లోపల ఏదో విరిగినట్టు చప్పుడైంది. ఏఈ గారు రెండడుగులు వెనక్కేశారు. విరగలేదు, వదిలింది.

తీరా చూస్తే షాపులో ఏడు చక్రాల ఫ్రీవీలు అయిపోయింది. ఎనిమిది చక్రాల క్యాసెట్ ఉంది, అదేద్దామన్నాడు షాపు యజమాని. కౌపీనాన్ని ఎలుక కొరుకుతోందని పిల్లిని, పిల్లి పాలకు ఆవును, ఆవు మేతకు పొలాన్ని సంపాదించి చివరికి సంసారిగా తేలిన సన్యాసి కథ నాకక్కడే గుర్తొచ్చింది. క్యాసెట్ మరల మీద బిగియదు, గాడి మీద దూరుతుంది. కాబట్టి వేరే హబ్బు కావాలి. హబ్బు మారిస్తే పుల్లలన్నీ ఊడదీసి చక్రం మళ్లీ అల్లాలి. పళ్లచక్రాలు ఎనిమిదైతే మీటకూ ఎనిమిది క్లిక్కులుండాలి.

"మీట ఉన్నదే ఉంచండి, ఒక గేరు పోతే పోనీ" అన్నారు ఏఈ గారు. గేరు ఒక్కటే పోయేట్టయితే నేనూ పోనిచ్చేవాణ్ణే. ఏడు చక్రాల సెట్టులో చక్రానికీ చక్రానికీ దూరం 5 మిల్లీమీటర్లు, ఎనిమిది చక్రాల సెట్టులో 4.8. తేడా 0.2 మిల్లీమీటర్లే, గోరంత కూడా కాదు. అయితే ఒక్కో సందుకు 0.2 చొప్పున ఏడు చక్రాల మధ్య ఆరు సందులు దాటేసరికి 1.2 మిల్లీమీటర్లు తప్పుతుంది. ఒక చివర సరిచేస్తే రెండో చివర చైను ఏ చక్రం మీద ఉండాలో తేల్చుకోలేక వణుకుతుంది. మధ్యలో సరిచేస్తే రెండు చివరలూ చెరో వైపు అలుగుతాయి.

క్యాసెట్ వద్దని, ఏడు చక్రాల ఫ్రీవీలు వచ్చేదాకా ఆగాం. ఈలోగా ఏఈ గారు చైనుకు కొబ్బరినూనె పట్టించారు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలెడుతుంది; హైదరాబాదు డిసెంబరు పొద్దుటి వేడి అంతకన్నా చాలా తక్కువ. సెల్లార్లో చైను మీద తెల్లగా పేరుకున్న నూనె చూసి వాచ్‌మన్ బూజనుకుని దులిపాడు.

కొత్త ఫ్రీవీలు పడ్డాక జారడం ఆగింది గానీ మూడో గేరులో చిటపట మొదలైంది. చప్పుడును బట్టి రోగం పట్టే పద్ధతి మెకానిక్ దగ్గర విన్నాను, పనికొచ్చేదే. బలంగా తొక్కితేనే జారితే పళ్లు అరిగినట్టు. చైను ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకే చోట ఎగిరితే ఒక లింకు బిగుసుకున్నట్టు. దాన్ని రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టుకుని పక్కలకు వంచితే వదులవుతుంది. కేబులు ఎంత సరిచేసినా ఒక గేరు కుదిరి ఇంకో గేరు చెడుతుంటే హ్యాంగరు వంగినట్టు. డిరైల్యూరు వేలాడే చిన్న అల్యూమినియం ముక్కే హ్యాంగరు. సైకిలు పడితే ఫ్రేము విరక్కుండా తాను వంగడానికే దాన్ని మెత్తగా చేస్తారు. ఫ్రేముకో ఆకారం ఉంటుంది, ఒకదానిది ఒకదానికి పట్టదు. ఈ అరాచకానికి మంగళం పాడదామని శ్రామ్ కంపెనీ 2019లో అన్ని ఫ్రేములకూ ఒకటే హ్యాంగరని ప్రకటించింది. దానికి తగ్గట్టు చేసిన కొత్త ఫ్రేము కొంటేనే సుమండీ.

మాది వంగింది. కుడివైపు ఆనుకుని ఎవరిదో స్కూటీ ఎన్నాళ్లుగా నిలబడుతోందో. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగితే నలభై మంది చూశారు, ఒక్కరూ పలకలేదు. మెకానిక్ పొడుగాటి కడ్డీ బిగించి, రిమ్ముకు దూరం చూసుకుంటూ హ్యాంగరును మెల్లగా తిన్నగా చేశాడు. చిటపట పోయింది.

పాత చైనూ పాత ఫ్రీవీలూ తుక్కులో వేయబోతుంటే ఏఈ గారు అడ్డం పడి, పేపర్లో చుట్టి పట్టుకెళ్లారు. ఒకదానికొకటి అరిగినవి కాబట్టి రెండూ కలిపి వేస్తే ఇంకొన్నాళ్లు నడుస్తాయని మెకానిక్ అన్న మాట ఆయన చెవిన పడింది, అది నిజమే. మొన్నాదివారం సెల్లార్లోంచి కేక వినపడింది.

"మాస్టారూ, మీ సరుకు మా మనవడి సైకిలుకు పట్టేసింది! ఒక్కటే ఇబ్బంది. వీడి మీటకు ఆరు క్లిక్కులే ఉన్నాయి, ఏడో చక్రమేమో ఫ్రేముకు రాసుకుంటోంది. కాస్త ఆకురాయి ఉంటే పట్టుకొస్తారా?"

నేను మెకానిక్ ఫోన్ నంబరు పట్టుకుని కిందికి దిగాను. అప్పటికే ఆయనకు వాచ్‌మన్ దగ్గర ఆకురాయి దొరికింది.