నెత్తిన వాల్వు, పైన తీగ

ఎల్‌పీజీ వ్యాగన్ నెత్తిన ఉండే యాంగిల్ వాల్వుని నేను. మా బండికి రైల్వే కాగితాల్లో బీటీపీజీఎల్ఎన్ అని పేరు, ఊళ్ళవాళ్ళకి గ్యాసు ట్యాంకరు. ఒక్కో వ్యాగనులో దాదాపు 37 టన్నుల గ్యాసు పడుతుంది. దాన్ని మోసే ఇనుము అంతకన్నా బరువు. అంత ఇనుముకీ అడుగున ఒక్క చిల్లు ఉండదు. పట్టాలు తప్పినా, కింద ఏది తగిలినా గ్యాసు దారి విరక్కూడదని అన్నిటినీ తీసుకొచ్చి నడినెత్తిన, మనిషి దూరే మూత మీద బిగించి, పైన డోము కప్పారు. ద్రవం నడిచే వాల్వులు, ఆవిరి వాల్వు, సేఫ్టీ వాల్వు, మట్టం చూసే గొట్టం... అందరం ఆ ఇరుకులోనే కాపురం.

నా కిందనే, ట్యాంకు లోపల, ఎక్సెస్ ఫ్లో వాల్వు ఉంటుంది. నేను విరిగి గ్యాసు ఒక్కసారిగా ఎగదన్నితే తనంతట తనే మూసుకుంటుంది. ఇంజినీర్లు దాన్ని తెగ మెచ్చుకుంటారు. నాకు మాత్రం దానిమీద కోపమే. వరదొస్తే లేస్తుంది తప్ప సన్నటి కారుడు దానికి లెక్కలోది కాదు. మా బతుకులో ఎక్కువగా వచ్చేవి ఆ సన్నటి కారుళ్ళే.

ఒక మే నెలలో నా గ్లాండు, అంటే కాడ చుట్టూ ప్యాకింగ్‌ని నొక్కి పట్టే చోటు, కారింది. గ్యాసు దించుకున్నచోట నన్ను మూసే చేతిచక్రం పూర్తిగా తిప్పకుండా వదిలేశారు. ఏ ఊరో చెప్పను. ఆ ప్యాకింగ్ అప్పటికే అరిగి ఉంది. 'ఖాళీ' అని రాసి పంపారు. మా విషయంలో ఆ మాట నమ్మకండి. ద్రవం తీసేసినా కడుపునిండా ఆవిరి ఉంటుంది, ఎండెక్కేకొద్దీ దాని ఒత్తిడీ ఎక్కుతుంది. విజయనగరం, నెల్లిమర్ల దాటాం. చీపురుపల్లి అవతల ఒక చిన్న స్టేషనులో, వెళ్ళే బండిని నిలబడి చూడ్డం డ్యూటీ కాబట్టి, పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. "ఏటో కంపొస్తంది బావూ, గ్యాసు పొయ్యి ఇప్పేసినట్టు" అని మాస్టరుగారికి చెప్పాడు. గ్యాసుకి సొంత వాసన లేదు. కారితే తెలియాలనే మెర్కాప్టన్ కలుపుతారు. ఖరీదైన మీటర్లు ఎన్నున్నా ఆ రోజు నన్ను పట్టించింది అతని ముక్కే.

బండిని లూపు లైనులో ఆపి, ఇంజను విప్పి దూరంగా తీసుకుపోయారు. పక్క లైను మూశారు. మొబైళ్ళు, బీడీలు బంద్. గాలి ఎటు వీస్తోందో చూసి, జనాన్ని దానికి ఎదురు దిక్కుకి పంపారు. ఈ గ్యాసు గాలికన్నా బరువు. పైకి పోదు, తూముల్లోకీ పంట కాలవల్లోకీ జారి కూర్చుంటుంది. గాలిలో నూటికి సుమారు 1.8 నుంచి 9.5 పాళ్ళ మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో గ్యాసు కారి అంటుకుని దాదాపు 60 మంది పోయారు. బతుకుతెరువుకి విశాఖ వెళ్ళే ఈ చుట్టుపక్కల వాళ్ళకి ఆ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

అసలు చిక్కు గ్యాసుతో కాదు. నన్ను కాపాడ్డానికి నెత్తిన పెట్టారు సరే, నా పైనే 25,000 వోల్టుల తీగ ఉంది. నన్ను ముట్టుకోవాలంటే మనిషి ఆ తీగ కిందికి ఎక్కాలి. తగలక్కర్లేదు, దగ్గరికెళితే చాలు లాగేస్తుంది. కాబట్టి కారుతున్నా సరే, ముందు కరెంటు తీయించాలి, తీగకి రెండు పక్కలా ఎర్తు రాడ్లు తగిలించాలి, కరెంటు తీశామన్న కాగితం చేతికి రావాలి. అంతదాకా కింద నిలబడి నా బుసే వింటూ ఉండాలి. ఆ ఆగడం వచ్చినవాణ్ణే నేను పనివాడంటాను.

వ్యాగన్ పనివాళ్ళు ఇద్దరొచ్చారు, ఒకాయన పెద్ద, ఒకడు కుర్రాడు. చేతిలో ఇత్తడి పానాలు. ఉక్కు పానా జారితే రవ్వ లేస్తుంది. సబ్బునీళ్ళు బ్రష్షుతో నా ఒళ్ళంతా రాశారు. బుడగలు ఎక్కడ లేస్తే జబ్బు అక్కడ. మూతి బిరడా దగ్గరైతే లోపలి సీటు పట్టడంలేదని అర్థం. అడుగు ఫ్లాంజి దగ్గరైతే ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగించి చూడాలి. అప్పటికీ ఆగకపోతే గ్యాసుని వేరే ట్యాంకులోకి మార్చాల్సిందే, ఒత్తిడి ఉండగా గాస్కెట్ మార్చడం కుదరదు. నాకు కాడ మొదట్లో లేచాయి.

"గ్లాండు నట్టు గట్టిగా లాగీమంటారా మేస్త్రీగారూ?"

"ఆగరా నాయినా. ముందు చక్రం పూర్తిగా మూసుందో లేదో సూడు. నట్టు మీద పడితే మర తెగిపోతాది."

చక్రం తిరిగింది, ఇంకా తిరిగింది. నా నిర్మాణం తెలిసినవాడి మాట అది. సీటు కింద, ప్యాకింగ్ పైన. సీటు మూసుకుంటే గ్యాసు గ్లాండుదాకా రాదు. బుడగలు తగ్గి, ఒకటీ అరా మిగిలాయి. అప్పుడే నట్టు మీద పానా పెట్టారు. పావు మలుపు తిప్పడం, సబ్బు రాయడం, చూడ్డం. మళ్ళీ పావు మలుపు.

కారేది ద్రవమైతే కథ వేరు. ఒక పాలు ద్రవం సుమారు 250 పాళ్ళ ఆవిరవుతుంది, చుట్టూ తెల్లటి మబ్బు కమ్ముతుంది, వాల్వు మంచు కడుతుంది. ఈ గ్యాసులో ఉండే ప్రొపేన్ మరిగేదే సున్నాకి 42 డిగ్రీల దిగువన. చేతితొడుగు లేకుండా పట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. సేఫ్టీ వాల్వు ఎండకి బుస కొడితే దానికి పానా పెట్టకూడదు, అది తన పని చేస్తోంది. ట్యాంకు మీద నీళ్ళు కొట్టి చల్లబరిస్తే అదే మూసుకుంటుంది.

తర్వాత మా వ్యాగనుని విడదీసి, మరమ్మతు చేసే సిక్ లైనుకి పంపారు. లోపలి గ్యాసంతా తీసేశాకే నన్ను విప్పి కొత్త ప్యాకింగ్ వేశారు, మళ్ళీ ఒత్తిడి పెట్టి మళ్ళీ సబ్బునీళ్ళే రాశారు. ఇప్పుడు గ్లాండు బాగా బిగువు. నింపేచోట కుర్రాళ్ళు చక్రం తిప్పలేక తిట్టుకుంటున్నారు.