నూతన శకట రోగనిదానము

పాత బండి నడిరోడ్డున ఆగిపోయినచో దారినపోవువారు వచ్చి వెనుకనుండి నెట్టుదురు, కొత్త బండి ఆగిపోయినచో చుట్టును చేరి, యజమాని ముఖమును పరికించి, "డీజిల్ పోసినవా అన్నా?" అని యడుగుదురు. నూతనత్వము సర్వరోగనివారణి యనియు, బానెట్టు మీది పసుపుబొట్టు చెరగకముందే జబ్బుపడు హక్కు ఏ శకటమునకును లేదనియు లోకము గాఢముగ విశ్వసించుచున్నది. ఈ విశ్వాసము ఇతర పట్టణములలో నెట్లుండునో గాని, ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, డంపర్ ఆపరేటర్లు వీధివీధినా నివసించు మా గోదావరిఖనిలో మాత్రము మిక్కిలి భయంకరమైన రూపము దాల్చును. ఏలయన, ఇచ్చట పలుకరించుటకు తీరికలేనివాడు సైతము బానెట్టు ఎత్తి చూచుటకు తీరిక చేసికొనును.

సింగరేణి సంస్థలో ఉద్యోగజీవితమంతయు ఇతరుల మస్టర్లు వ్రాసి, పదవీవిరమణానంతరము చేతికందిన గ్రాట్యుటీలో కొంత వెచ్చించి నేనొక పికప్ వాహనమును కొంటిని. బొగ్గుబెల్టులో దీనికి పని కరవు లేదు. ఒక ఏరియానుండి మరియొక ఏరియాకు బదిలీ యైనవాని బీరువాయు తులసికోటయు, రిటైరై క్వార్టరు ఖాళీచేసి సొంతూరికి పోవువాని యావత్సంసారము, అంగడికి పోవు కూరగాయలు, పెండ్లిపందిటి కుర్చీలు — ఇవన్నియు రామగుండము మొదలు మందమర్రి వరకు నిత్యము సంచరించుచునే యుండును. బండి ఏ కంపెనీదో చెప్పను. వారు పంపిన దీపావళి శుభాకాంక్షలు నా ఫోనులో ఇంకను భద్రముగ నున్నవి. కృతఘ్నత నాకు చేతకాదు.

ఆచారానుసారము బండిని మొదట కొండగట్టునకు తీసికొనిపోయి, అంజన్న సన్నిధిని పూజ చేయించి, చక్రములక్రింద నిమ్మకాయలు నలిపించి తెచ్చితిమి. పిదప కొన్నాళ్లకు మొదటి వ్యాధి ధ్వనిరూపమున ప్రాదుర్భవించినది. రెండవ గేరులో ఎత్తు ఎక్కునప్పుడు ఎడమప్రక్క అడుగుభాగమున ఎవరో తలుపు తట్టుచున్నట్లు టకటకమను శబ్దము. సర్వీసు సెంటరునకు తీసికొనిపోగా, అచ్చటి యువకుడు అత్యంత వినయముతో విని, "నార్మల్ సార్" అనెను. స్టీరింగు ఎడమకు లాగుచున్నదంటిని. రోడ్డు వాలు సార్, నార్మల్. క్లచ్చి బిగువుగ నున్నదంటిని. కొత్తది కదా సార్, నార్మల్. బ్రేకు మెత్తగ నున్నదంటిని. అదియు కొత్తదే యగుటచేత నార్మలే. ఒకే నూతనత్వము ఒకదానిని బిగించుటకును మరియొకదానిని సడలించుటకును కారణమగుట ఏ శాస్త్రమున నున్నదో తెలియక నేను జాబ్ కార్డు చేతబట్టుకొని చదువగా, ఫిర్యాదు గడిలో 'శబ్దము' అనియు, చేసిన పని గడిలో 'కస్టమర్‌కు వివరించడమైనది' అనియు వ్రాసియున్నది. చికిత్స బండికి గాక నాకు జరిగినదన్నమాట.

అటుపిమ్మట డ్యాష్‌బోర్డుపై హెచ్చరిక దీపము వెలిగినది. దీని కథ కొంత విస్తరించి చెప్పదగినది. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి మన దేశమున అమ్మకమునకు వచ్చు కొత్త వాహనములు భారత్ స్టేజ్-6 ప్రమాణములకు లోబడవలెనని నియమము. నాలుగవ మెట్టునుండి ఐదవదానిని త్రొక్కకయే ఆరవదానికి ఎగిరిన ఘనత మనది. తదనుసారముగ నా బండి పొగగొట్టములో డీపీఎఫ్ అను నొక జల్లెడను అమర్చిరి. ఇంజనునుండి వెడలు మసి అందులో చిక్కుకొనును. చిక్కిన మసిని బండి తానే అప్పుడప్పుడు దహించుకొనవలెను. ఆ దహనమునకు సుమారు 600 డిగ్రీల వేడి కావలెను. ఆ వేడి పుట్టవలెనన్న బండి ఆగక కొంతసేపు చక్కని వేగముతో పరుగెత్తవలెను. ఫైవింక్లయిన్ నుండి చౌరస్తాకు, చౌరస్తానుండి గంగానగరునకు, నడుమ నడుమ ఆగుచు, సామాను దింపుచు, గేదెలకు దారియిచ్చుచు తిరుగు బండికి అట్టి యోగమెక్కడిది? వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటి రాష్ట్రమంతట పేరుమోసిన రామగుండములో నివసించుచు, నా బండి వేడి చాలక రోగగ్రస్తమైనది. ఓపెన్‌కాస్టు ధూళి పడి ఉదయము ఆరవేసిన పంచె సాయంకాలమునకు నల్లబడు ఊరిలో, బొగ్గునే తిని బొగ్గునే ధరించి మేము సుఖముగ జీవించుచుండగా, ఈ సుకుమారి పిడికెడు మసికి తాళలేక తన శక్తిని తానే ఉపసంహరించుకొని, సైకిలువాడు వెనుదిరిగి జాలిగ చూచు వేగమున నడువసాగినది.

"ఆనాడు నిమ్మకాయలు సక్కగ నలగలే. ఇంకోపాలి కొండగట్టుకు పోయొద్దాం పాండ్రి" అని మా యావిడ నిర్ణయించినది. వెళ్లితిమి. పెద్దపల్లి దాటి రాజీవ్ రహదారిపై బండి నిలకడగ సాగుచుండగా, ఇంకను గుట్ట కనబడకముందే, దీపము దానంతటదే ఆరిపోయినది. ఆమె రెండుచేతులు జోడించినది. సర్వీసు సెంటరు యువకునకు ఫోను చేయగా, "హైవే మీద రన్నింగ్ దొరికింది సార్, మసి కాలిపోయింది, అంతే" అనెను. నేను ఉభయవాదములను అంగీకరించితిని. అంజన్న వాయుపుత్రుడు, పొగగొట్టము వ్యవహారము ఆయన శాఖలోనిదే. అప్పటినుండి బేరమున్నను లేకున్నను అప్పుడప్పుడు ఖాళీబండిని సుల్తానాబాదు వరకు త్రిప్పితెచ్చుట మా కుటుంబధర్మమైనది. పొగ తగ్గించుట కొరకు పనిలేకున్నను డీజిలు కాల్చుటయందలి తర్కమును మా మనుమడు నన్నడిగినాడు. పెద్దవాడవైన తరువాత చెప్పెదనంటిని.

రెండవ దీపము యూరియాది. పొగలోని నైట్రోజన్ ఆక్సైడులను విరుచుటకు డీఈఎఫ్ అను ద్రవమును ప్రత్యేకమైన తొట్టిలో పోయవలెను, నూటికి 32.5 పాళ్లు యూరియా, తక్కినది లవణములు తీసివేసిన శుద్ధజలము. ఈ తొట్టిలోని సెన్సారు, నిండుతొట్టిని ఖాళీ యని నివేదించుటలో పట్టుదల గలది. మా ఊరి ఎరువుల కర్మాగారము సామాన్యమైనది కాదు. ఒకనాడు ఎఫ్‌సీఐ యను పేర బొగ్గునుండి యూరియా తీసి, 1999లో మూతబడి, 2021లో ఆర్‌ఎఫ్‌సీఎల్‌గా సహజవాయువుతో పునర్జన్మించి, ఏటికి 12.7 లక్షల టన్నుల యూరియా తీయగల సామర్థ్యము కలది. అట్టి కర్మాగారము గొట్టములు కనుచూపుమేరలో నుండగా, నా బండి యూరియా లేదని మొరాయించినది. మా బావమరిది ఒక సంచితో ప్రత్యక్షమై, "బావా, గింత యూరియా నీళ్లల్ల కలిపి పోస్తే ఏమైతది?" అనెను. ఏమగునో నాకు తెలియును: రైతుల యూరియాకు వేపనూనె పూత 2015 నుండి తప్పనిసరి, ఆ నూనె పొగగొట్టములోని ఉత్ప్రేరకమును నిద్రపుచ్చగలదు. సంచిని పొలమునకును బావమరిదిని భోజనమునకును పంపితిని.

సర్వీసు సెంటరులో కొత్తదైనచో అన్నియు నార్మలే, గనిలో నిట్లు కాదు. గనిలో కొత్తదను కారణమున ఏ వస్తువును ఎవరును నమ్మరు. షిఫ్టు దిగకముందే సర్దారు అను తనిఖీదారు ముందుగ పోయి, చేతికర్రతో పైకప్పును తట్టి, చెవియొగ్గి వినును. గట్టి శబ్దము వచ్చిన సరే, డొల్ల శబ్దము వచ్చెనా, అచ్చటికి మనిషిని పోనీయడు. నిన్న బాగున్న కప్పు నేడును బాగుండునను వాదము ఆయన యెదుట చెల్లదు. బొగ్గుతొట్లను లాగు హాలేజి తాడును ప్రతిదినము పరీక్షించి పుస్తకమున వ్రాసి సంతకము చేయవలెను. తాడు నిన్ననే వచ్చినదైనను సంతకము తప్పదు. చెడిపోవుట వస్తుధర్మమని గని చట్టము నమ్మును. చెడిపోవుట కస్టమరు భ్రమయని షోరూము నమ్మును. ఈ రెండు మతముల నడుమ నేను బ్రతుకవలసివచ్చినది.

పాతకాలపు వ్యానులు ఈ మతకలహమునకు తావియ్యలేదు. 1980ల దశకమున జపాను కంపెనీల సహకారముతో తేలికపాటి వ్యానులు మన దేశమున వరుసగ వెలువడినప్పుడు — అందులో అల్విన్ నిస్సాన్ మన జహీరాబాదులోనే తయారైనది — వాని రోగము కంటికి కనబడెడిది, చేతికి తగిలెడిది. ఇప్పటి రోగము స్కానరునకు మాత్రమే కనబడును. స్కానరునకు కనబడని రోగము రోగమే కాదు.

కావున మొన్నటి వరకు గనిలో సర్దారుగ పనిచేసి రిటైరైన మిత్రుడొకడు యైటింక్లయిన్ కాలనీలోని క్వార్టరు ఖాళీచేసి, మంథని దాపున నున్న తన ఊరికి సామాను చేర్చుటకు నా బండిని అడిగినప్పుడు, కిరాయికంటె ఆయన చెవులే నాకు లాభమనిపించినవి. బయలుదేరుటకు ముందే ఆయన బండిచుట్టును ప్రదక్షిణము చేసి, వెదురుకర్రతో తలుపును, సామాను తొట్టిని, అడుగును వరుసగ తట్టి, "సారూ, గీ మూల డొల్ల ఉన్నది" అనెను. వంగి చూడగా ఎడమప్రక్క తొట్టిని ఛాసిస్‌కు పట్టియుంచు బోల్టు చేతివ్రేళ్లకే తిరుగుచున్నది. దారిపొడుగున ఆయన ముందుసీటున కూర్చుండి, పాదములు నేలకు ఆనించి, కన్నులు మూసికొని, ప్రతి శబ్దమునకును స్థానమును, కారణమును, తీవ్రతను చెప్పుచుండగా, నేను మస్టరు వ్రాసిన చేతితోనే అన్నియు పాత పద్దుపుస్తకములో గేరువారీగ వ్రాసికొంటిని. బండి నడిపినవాడు మా అబ్బాయి.

మరునాడు ఆ పద్దును సర్వీసు సెంటరు యువకుని యెదుట నుంచితిని. అతడు మొదటి పుటనుండి చివరి పుటవరకు శ్రద్ధగ చదివి, పెన్ను నా చేతికిచ్చి, మునుపటి వినయముతోనే ఇట్లనెను: "చాలా బాగా రాశారు సార్. వీటిలో నార్మల్ కానివి ఏవో మీరే టిక్ పెట్టివ్వండి."