నాలుగు తొమ్మిదుల రాజయోగం

కారు కొనడం ఇప్పుడు గొప్ప కాదు. సాయంత్రం పూట మన వైజాగ్ మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర నిలబడి చూడండి, ఇసుకతోట వైపు ఎన్ని బారులు తీరి ఉంటాయో! వాయిదాల మీద ఇచ్చే బ్యాంకులుండగా కారుకేం లోటు? అందుకని గొప్పతనం కారు దిగి నెంబరు ప్లేటెక్కింది. "ఏం బండి కొన్నావురా" అని ఎవరూ అడగడం లేదు. "నెంబరు ఎంతకి పాడావు" అంటున్నారు.

పాపం, మనవాళ్ల ఇబ్బందీ చూడాలి. అమెరికాలోలా ప్లేటు మీద ముద్దుపేరు రాయించుకుందామంటే ఇక్కడి చట్టం ఒప్పుకోదు. ముందున్న అక్షరాలు, కోడు, సిరీసు అన్నీ సర్కారు ఇష్టం. ఏరుకోవడానికి మనకు మిగిలేవి చివరి నాలుగంకెలే. వెనకటికి ఏపీ 31 కనబడితే హైదరాబాదులో కూడా "మన వైజాగ్ బండేరా" అని సంబరపడేవాళ్లం. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకే కోడు పెట్టాక ఆ ముచ్చటా తీరింది. ఇక వంశ ప్రతిష్ఠ, వ్యాపార బలం, గ్రహబలం అన్నీ ఆ నాలుగంకెలే మోయాలి.

గ్రహబలం సంగతి మరీ విడ్డూరం. అంకెలన్నీ కూడితే తొమ్మిది రావాలట. సంఖ్యాశాస్త్రం వాళ్ల లెక్కలో తొమ్మిది కుజుడిది. జ్యోతిషంలో దెబ్బలకీ గాయాలకీ కారకుడు ఎవరయ్యా అంటే ఆ కుజుడే! ఆయన్ని డబ్బిచ్చి తెచ్చి బంపరుకి కట్టుకుంటున్నాం. పోనీ, దొరకని సరుకా? 1 నుంచి 9999 దాకా కూడితే తొమ్మిదికి తేలే నెంబర్లు సరిగ్గా 1,111. సిగ్నల్ దగ్గర తొమ్మిది బళ్లు ఆగితే సగటున అందులో ఒకటి మహర్జాతకమే. అది చేపలబుట్ట కట్టుకున్న మోపెడ్ కూడా కావచ్చు. దాని ఓనరు ఆ యోగానికి నయాపైసా కట్టి ఉండడు. భీమిలి వెళ్లే మన 900కె బస్సుని కూడండి, అదీ తొమ్మిదే. టికెట్టు తీసుకుని ఎక్కితే రాజయోగం, సీటు దొరికితే చక్రవర్తి యోగం. ఇక 9999 ప్రపంచంలో తనొక్కడికే ఉందని మురిసిపోయే వాడికి ఎవరూ చెప్పని రహస్యం ఒకటుంది. సిరీసు మారినప్పుడల్లా ఇంకో 9999 పుడుతుంది.

అయినా వేలంపాట ఆగదు. 2024లో ఖైరతాబాద్ ఆర్టీయే ఆఫీసులో 9999 ఇరవై అయిదున్నర లక్షలు పలికింది. 2022లో చండీగఢ్‌లో ఒకాయన డెబ్భై ఒక్క వేల యాక్టివాకి పదిహేను లక్షల పైచిలుకు పోసి 0001 తగిలించాడు. గుర్రం కంటే జీను ఇరవై రెట్లు ఖరీదు! హిమాచల్‌లో 2023లో ఒక నెంబరుకి కోటీ పన్నెండు లక్షల దాకా పాడారు. పాడినవాళ్లు డబ్బు కట్టమనేసరికి ఒకరి తర్వాత ఒకరు జారుకున్నారు. వాళ్ల పేర్లు తెలిస్తే సన్మానం చేద్దును, ఆఖరి నిమిషంలోనైనా బుద్ధి వచ్చిందని.

"ప్రభుత్వానికి ఆదాయమే కదండీ" అంటారు. కాదని ఎవరన్నారు? నేను రెండు చేతులా దండం పెట్టే పన్ను ఇదొక్కటే. బలవంతం లేదు, బీదవాడి జోలికి పోదు, కట్టినవాడు ఏడవకపోగా ఫొటో తీసి స్టేటస్ పెట్టుకుంటాడు. రేటు ఇంకా పెంచాలని నా మనవి.

అసలు దెబ్బ నెంబరు చేతికొచ్చాక తగులుతుంది. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండి ఏదైనా హై సెక్యూరిటీ ప్లేటు తప్పదు. అదే అల్యూమినియం రేకు, అదే అశోకచక్రం హోలోగ్రామ్, అవే అక్షరాలు. పాతిక లక్షల అంకెకీ, ఊరికే వచ్చిన అంకెకీ ఒకటే అచ్చు! ఈ సోషలిజం భరించలేకే కుర్రాళ్లు రేడియం షాపుకి పరిగెడతారు. అక్కడ 8055ని ఒంకర్లు తిప్పి ఇంగ్లీషులో 'బాస్' అని చదువుకునేలా చేయించుకుంటారు. చలానా రాసే కానిస్టేబులుకి మాత్రం అది ఎనిమిది వేల యాభై అయిదే.

ఇంతకీ నెంబరు పెట్టింది ఎందుకు? గుద్ది పారిపోయినవాణ్ణి పట్టుకోవడానికి. 4738 అయితే చూసినవాడు మూడో అంకె దగ్గరే తడబడతాడు. నాలుగు తొమ్మిదులైతే కిళ్లీకొట్టు మామ్మ కూడా "అన్నీ తొమ్మిదులే బాబూ" అని స్టేషన్లో ఠక్కున చెప్పేస్తుంది. తన మీద సాక్ష్యం సులువు చేయడానికి లక్షలు పోసినవాణ్ణి ఇంకెక్కడా చూడలేదు.

ఈ లొసుగు కనిపెట్టిన తెలివైనవాళ్లూ ఉన్నారు. 2024 ఎన్నికలయ్యాక నెంబరు ఉండాల్సిన చోట "పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా" అని రాయించుకుని తిరిగారు. దానికి వేలం లేదు, సిరీసు లేదు, కూడికల గొడవ అసలే లేదు. రేడియం షాపులో టీ తాగేలోపు అతికించేస్తారు.