బొమ్మల కొలువు బీమా పత్రమునందలి ‘జతలు, వరుసల’ నిబంధనకు టీకా తాత్పర్యములు

మూలము: జతగానో వరుసగానో ఉన్న వస్తువులలో ఏదేని యొకటి నష్టమైనచో, ఆ జతకు లేక వరుసకు గల ప్రత్యేక విలువతో నిమిత్తము లేక, నష్టమైనదాని దామాషా మేరకే కంపెనీ బాధ్యత వహించును. తరుగుదల మినహాయింపబడును.

అవతారిక: ఈ మహావాక్యం ఇంటి సామాను బీమా పత్రంలో ఇరవయ్యో పేజీ దాటాక, చీమ తలకాయంత అక్షరాల్లో కనిపిస్తుంది. కర్త ఎవరని విచారించాము. ఏజెంటు తనది కాదన్నాడు. బ్రాంచివారు పై ఆఫీసుదన్నారు. పై ఆఫీసువారు ఎప్పటినుంచో ఇలాగే ఉందన్నారు. కావున ఇది అపౌరుషేయమని నిర్ణయించడమైనది.

ప్రతిపదార్థము: జత, వరుస, నష్టము అనునవి సులభములు గనుక వదలితిమి. కంపెనీ అనగా ఎవరో కడదాకా తేలలేదు గనుక అదియు వదలితిమి. మెదకు సీమవాడైన మల్లినాథసూరి ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ మాట ఇచ్చి మరీ కాళిదాసుకు వ్యాఖ్య చేశాడు. ఆ మాటలో మొదటి సగానికే మేము కట్టుబడుతున్నాము.

విశేషములు: దామాషా. నిరుడు మా అటక మీద వైర్లు కాలి, కొండపల్లి దశావతారాల్లో కూర్మం బొగ్గయింది. కంపెనీ మతం ప్రకారం పదోవంతు నష్టం. ఇక్కడ పూర్వపక్షి లేచి, ఆ పదీ ఎవరెవరని అడుగుతాడు. అడగవలసిందే. జయదేవుడు గీతగోవిందంలో కృష్ణుణ్ణి వరుసలో నిలబెట్టలేదు. పది రూపాలూ దాల్చినవాడే ఆయనని తేల్చి, ఎనిమిదో చోటు బలరాముడికీ తొమ్మిదోది బుద్ధుడికీ ఇచ్చాడు. శ్రీవైష్ణవుల లెక్కలో బలరాముడి పక్కన కృష్ణుడు ఉంటాడు, బుద్ధుడు ఉండడు. మా అమ్మ ఇచ్చిన సెట్టు ఒక పాఠం, అత్తగారిది మరో పాఠం. ఏళ్ల తరబడి ఒకే మెట్టు మీద కలిసిమెలిసి ఉన్నందున ఇప్పుడు ముగ్గురూ ఉన్నారు, మొత్తం పదకొండుమంది. కూర్మం పదోవంతా, పదకొండోవంతా? పదకొండయితే దశావతారాలనే పేరే తప్పు. అప్పుడు ఫారం నింపినవాడు అబద్ధమాడినట్టు!

ఇంతలో సర్వేయరు వచ్చి స్కేలు తీశాడు, ఎత్తును బట్టి విలువ కడతానన్నాడు. వామనుడికి అందరికంటే తక్కువ పడింది. పొట్టివాణ్ణి చూసి మూడడుగులేగా అనుకున్న బలి చక్రవర్తి ఎక్కడికి పోయాడో ఆయన చదివినట్టు లేదు. ఆనాడు అసలు విలువ పసిగట్టినవాడు శుక్రాచార్యుడొక్కడే. అందుకు ఒక కన్ను పోగొట్టుకున్నాడు. కళ్లు రెండూ ఒక జత గనుక, ఈ నిబంధన ప్రకారం ఆయనకు సగమే వచ్చును.

ప్రకృతమేమి? ఆఁ, తరుగుదల.

ఇక్కడ వ్యాఖ్యాతకు కడుపు మండుతోంది. కొండపల్లివాళ్లు తెల్ల పొణికి కర్ర చెక్కి, చేతులూ కిరీటాలూ విడిగా చేసి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆ కర్ర తేలిక, మెత్తన. పురుగుకు మహా ఇష్టం. పత్రం నిప్పుకు హామీ ఇస్తుంది, వరదకు ఇస్తుంది. చెదకూ పురుగుకూ రంగు వెలవడానికీ ఇవ్వదు. అంటే బొమ్మలు మామూలుగా దేనివల్ల పోతాయో దానికి తప్ప మిగతావాటికి ఇస్తుంది. సరే, మనది నిప్పే కదా అని కూర్మంతోపాటు కాలిన అమ్మమ్మ నాటి అంబారీ ఏనుగును చూపిస్తే, ఫ్రిజ్జుకు వేసే తరుగుదలే దానికీ వేసి, విలువ సున్నా అన్నారు. ఫ్రిజ్జు పాతబడితే పాత ఇనుముకు పోతుంది. ఆ ఏనుగును ఎంతమంది అడిగారో! పైగా కొన్న బిల్లు తెమ్మన్నారు. కృష్ణా పుష్కరాల్లో మునిగి, తడిబట్టలతో ఏనుగును కొన్న ఏ అమ్మమ్మ బిల్లు అడిగిందండీ?

తాత్పర్యము: పోయినదానికి ఏదో కొంచెం ఇస్తాము, మిగిలినవి ఎలాగూ మీవే.

సిద్ధాంతము: పాత బొమ్మలను మామూలు సామానుతో కలిపి రాయించకూడదు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో, విలువైన వస్తువులకు ముందే ఒప్పుకున్న విలువ మీద రక్షణ అడిగి తీసుకోవచ్చు. మొత్తం 5 లక్షలు, ఒక్కో వస్తువు లక్ష రూపాయలు మించకపోతే విలువ ధ్రువపత్రం కూడా అక్కర్లేదు. ఆ మాట ఏజెంటు తనంతట తాను చెప్పడు.

కాబట్టి చదువరులారా, దసరాకో సంక్రాంతికో పెట్టె దించినప్పుడు, పేరంటాళ్లు రాకముందే ఒక్కో బొమ్మకూ ముందూ వెనుకా అడుగుభాగమూ ఫొటో తీయండి. పక్కన స్కేలు పెట్టండి. ఏ ఊరిది, ఎవరిచ్చారు, ఎక్కడ అతుకు ఊడింది రాసి పెట్టుకోండి. ఆ ఫొటోలను మీ ఇంట్లోనే దాచకండి, ఊళ్లో ఉన్న చెల్లెలికి పంపండి. సెట్టులో ఒకటి పోతే మొత్తానికి ఎంత ఇస్తారో, ప్రీమియం కట్టకముందే కాగితం మీద రాయించుకోండి.