ముందు దేవుడు, తర్వాత పీతలు

దివిసీమ చూడబోయేవాళ్ళు ముందుగా తేల్చుకోవలసింది ఏ రోజు వెళ్ళాలి, ఎందులో వెళ్ళాలి అని కాదు, నీసు ఎన్ని గంటలకు అని. ఆ గడ్డమీద చూడదగ్గవాటిలో సగం గుళ్ళు. తినదగ్గవాటిలో ముప్పాతిక నీళ్ళలో ఈదేవి. రొయ్య నోట్లో పడ్డాక గుడి గడప తొక్కడానికి లేదు. దర్శనాలు పూర్తయ్యేదాకా ఆగుదామంటే దివి అత్తగార్లు ఆగనివ్వరు. మధ్యలో నలిగేది అల్లుడు.

ఈ ప్రయాణం నా తోడల్లుడి పుణ్యం. ఆయన పెళ్ళాన్ని తీసుకుని బాలీ వెళ్ళొచ్చాడు. అప్పట్నుంచి మా మామగారింట్లో నలుగురు కూర్చుంటే చాలు, కొబ్బరిచెట్లు, ఇసక తీరం, బొగ్గులమీద కాల్చిన చేప. "దీవి అంటే అదీ అన్నయ్యగారూ!" అంటాడు. కృష్ణా జిల్లాలో పుట్టి, కొబ్బరిచెట్టు చూడ్డానికి విమానం ఎక్కిన మనిషిని ఏమనగలం? పరువు దక్కించుకుందామని భవానీ ద్వీపం తీసుకెళ్ళాను. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణ నడిమధ్య 133 ఎకరాలు. పడవ దిగీ దిగగానే వెనక్కి చూసి, "బావుంది గానీ, ఇక్కడికి దుర్గగుడి కనిపిస్తోందండీ. దీవిలో నిలబడితే మన ఊరు కనపడకూడదు" అన్నాడు.

అయితే ఊళ్ళకు ఊళ్ళు ఇమిడిన దీవే చూద్దువుగాని రమ్మన్నాను.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఆ రెండు పాయలూ సముద్రంలో కలిసేలోపు మధ్యన మిగిలిన నేలే దివిసీమ: అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక. అటూ ఇటూ నది, ఎదురుగా బంగాళాఖాతం. ఏ లెక్కన చూసినా దీవే. అక్కడివాళ్ళకు మాత్రం ఆ పట్టింపు లేదు. మా అత్తయ్యగారిని, అంటే మా ఆవిడ పిన్నిగారిని, ఫోనులో అడిగితే "మాది దీవేంటి అల్లుడుగారూ, బస్సొస్తుందిగా!" అన్నారు.

తెల్లవారుజామునే బెజవాడలో బయల్దేరాం. ఉయ్యూరు, పామర్రు దాటి కూచిపూడి వచ్చేసరికి ఎండెక్కింది. సిద్ధేంద్రయోగి ఊరు కదా, ఆగుదామన్నాను. "తిరుగు ప్రయాణంలో" అన్నారు ఆడవాళ్ళు. తిరుగు ప్రయాణంలో ఏదైనా చూసిన కుటుంబం తెలుగునాట ఇంకా పుట్టలేదు. ఘంటసాల అన్న బోర్డు కనపడగానే మా తోడల్లుడు "ఆయన ఇల్లు చూద్దాం" అని కారాపించబోయాడు. గాయకుడు పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లి అనీ, ఇక్కడుండేది బౌద్ధస్తూపం అనీ చెప్పాల్సొచ్చింది.

ఆ పక్కనే కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం. జిల్లా కాదు, ఊరు. కళింగ దండయాత్రకు పోతూ కృష్ణదేవరాయలు బెజవాడ మీదుగా వచ్చి ఇక్కడ ఆగాడు. ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రే ఇక్కడి దేవుడు ఆంధ్రవిష్ణువు కలలో కనపడి ఆముక్తమాల్యద రాయమన్నాడు. చక్రవర్తి కాబట్టి చెల్లింది. దివి పొలిమేరదాకా వచ్చి పస్తుండగలిగినవాడు నాకు తెలిసి ఆయనొక్కడే.

మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడి దర్శనం అయింది. పులిగడ్డ అక్విడక్టు దగ్గర నా మాటకు తొలిసారి విలువొచ్చింది. కింద నది, దానిమీద కాలువ. బెజవాడ బ్యారేజీ దగ్గర పక్కకు మళ్ళించిన కృష్ణే, కాలువై వచ్చి, సొంత పాయమీద నుంచే వంతెనెక్కి దివి పొలాలకు పోతుంది. తోడల్లుడు ఫొటోలు తీశాడు. బాలీలో ఇలాంటిది ఉందని మాత్రం అనలేదు.

అవనిగడ్డలో అడుగుపెట్టగానే ఆయన నిరుత్సాహపడ్డాడు. దీవి అంటే పూలచొక్కాలవాళ్ళు ఎదురొస్తారనుకున్నాడు పాపం. ఎదురొచ్చినవాళ్ళు చంకలో బిట్‌బ్యాంకులతో వచ్చారు. అవనిగడ్డ డీఎస్సీ కోచింగుకు పేరుపడ్డ ఊరు. రాష్ట్రంలో ఎన్నో బళ్ళలో పాఠాలు చెబుతున్న మాస్టార్లు ఇక్కడి మెస్సుల్లో తిని వెళ్ళినవాళ్ళే.

అత్తయ్యగారి ఇల్లు. ఇడ్లీ, గారెలు, అల్లప్పచ్చడి. ఇంతవరకూ ప్రమాదం లేదు. ఇంకా హంసలదీవి వేణుగోపాలస్వామిని చూడాలి కాబట్టి నీసు మధ్యాహ్నానికే అని ముందే ఒప్పందం. అంతలో అత్తయ్యగారు చిన్న గిన్నెతో వంటింట్లోంచి వచ్చారు. "చిన్నల్లుడుగారూ, ఈ రొయ్యల వేపుడులో ఉప్పు సరిపోయిందో లేదో కాస్త చూడండి" అన్నారు. నలభై ఏళ్ళుగా వండుతున్న మనిషికి ఉప్పు సంగతి అల్లుడు చెప్పాలా? పెద్దల్లుణ్ణి గనక నాకీ ఎత్తు తెలుసు. పంటినొప్పి అన్నాను. ఆయన రుచి చూశాడు. అనుమానం తీరక మళ్ళీ చూశాడు. ఉప్పు సరిపోయిందని తేలేసరికి గిన్నెలో కరివేపాకు మిగిలింది.

కోడూరు మీదుగా హంసలదీవి దారంతా రొయ్యల చెరువులు. నీళ్ళు ఎగజిమ్మే ఏరేటర్లు చూసి "వాటర్ పార్కా?" అన్నాడు. కాదు, నువ్వు పొద్దున ఉప్పు చూసినవాళ్ళ పుట్టిల్లు అన్నాను.

హంసలదీవి గుడిని దేవతలు ఒక్క రాత్రిలో కట్టారనీ, కోడి కూయడంతో గోపురం సగంలో వదిలి వెళ్ళిపోయారనీ చెబుతారు. నా అనుమానం వేరు. కోడి కూసిందంటే తెల్లారినట్టు. తెల్లారితే ఈ సీమలో ఎవరో ఒకరు పళ్ళెం నిండా ఏదో తెచ్చి ముందు పెట్టి ఉంటారు. ఆపైన గోపురమెక్కి రాళ్ళు పేర్చడం ఏ దేవతవల్ల అవుతుంది?

మేము ముగ్గురం లోపలికెళ్ళాం. రొయ్యలు తిన్నాయన చెప్పుల దగ్గర నిలబడ్డాడు. బయటికొచ్చాక ఊరడింపుగా స్థలపురాణం చెప్పాను: ఇక్కడి సంగమంలో మునిగి కాకి హంసగా మారిందట. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. పాలకాయతిప్ప తీరానికి కారు పరుగుతీయించి, అలల్లో మూడు మునకలు వేసి, తడిబట్టలతోనే గుడికి తిరిగొచ్చాడు. గుడి మూసేశారు. స్వామివారికీ భోజనవేళ ఉంటుంది.

ఆ తీరం మాత్రం ఆయనకు నచ్చింది. నచ్చకేం? గొడుగుల్లేవు, గానాబజానాల్లేవు, నదీ సముద్రమూ కలిసేచోట పడవలు, అవతల మడ అడవులు. చేపలు పట్టుకు తినే బావురుపిల్లి ఉండేది ఆ మడల్లోనే. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఏటా గుడ్లు పెట్టడానికి వచ్చేది ఈ ఇసకకే. పాస్‌పోర్టు అక్కర్లేని జీవాలు, ఎక్కడికైనా పోగలిగినవి, ఇక్కడికే వస్తున్నాయి. ఈ మాట తోడల్లుడికి రెండుసార్లు చెప్పాను.

ఇక భోజనం. గోంగూర రొయ్యలు, పండుగప్ప పులుసు, పీతల ఇగురు, ముద్దపప్పు, మీగడ వేసిన ఉలవచారు, గడ్డపెరుగు, చక్రకేళి. పీత తినడం మర్యాదగా జరిగే పని కాదు. కొరకాలి, పీల్చాలి, చప్పుడు చెయ్యాలి. బాలీలో చేపను ముళ్ళగరిటెతో తిన్నానన్న పెద్దమనిషి ఇక్కడ మోచేతిదాకా పులుసుతో, పీతకాలు దవడకింద పెట్టి పటుక్కుమనిపించాడు. "ఇంకొక్కటి" అన్నారు అత్తయ్యగారు. దివి లెక్కల్లో ఒకటి అంటే మూడు.

సాయంత్రం అత్తయ్యగారి భర్త, మామయ్యగారు, మమ్మల్ని ఏటిమొగ తీసుకెళ్ళి పంటు ఎక్కించారు. దీవిలోంచి ఇంకో దీవికి, ఎదురుమొండికి. పంటుమీద మోటారు సైకిళ్ళు, గడ్డిమోపులు, బడినుంచి వస్తున్న పిల్లలు. నది మధ్యలో మామయ్యగారు సొర్లగొంది వైపు చెయ్యి చూపించారు. 1977 నవంబరు 19. ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకు పదేళ్ళు. సొర్లగొంది దాదాపు తుడిచిపెట్టుకు పోయింది. సీమ మొత్తంమీద పోయిన ప్రాణాలు పదివేలకు పైనే అంటారు. బతికిన కొందరు తాటిచెట్లు పట్టుకుని బతికారు. "ఆ తర్వాత కొన్నాళ్ళు మా అమ్మ ఎవరొచ్చినా అన్నం పెట్టకుండా పంపేది కాదు. అదే అలవాటైపోయింది" అని, వెంటనే "ఎదురుమొండిలో టీ బావుంటుంది, దిగండి" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు డిక్కీలో తేగలకట్ట, ఎండురొయ్యల సంచి, కొబ్బరికాయలు, బందరు లడ్డు డబ్బా. డిక్కీ మూతపడక తాడుతో కట్టాం. అనుకున్నట్టే కూచిపూడి చీకట్లో దాటిపోయింది.

వెళ్ళదలచినవారికి నా మనవి ఇది. గుళ్ళన్నీ పన్నెండులోపు ముగించండి. మధ్యాహ్నందాకా ఎవరు ఉప్పు చూడమన్నా చూడకండి. పీతలు కావాలంటే ముందురోజే ఫోను చెయ్యండి. దివిలో చుట్టాలు లేనివారు ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్లలుంటే అటువైపు ఒక సంబంధం చూసుకోండి. మాఘంలో ముహూర్తాలకు లోటుండదు.