మా లడ్డు, మేడమీది సుల్తాన్

పిల్లి ఎదురొస్తే కాసేపు కూర్చుని, గ్లాసుడు మంచినీళ్ళు తాగి బయల్దేరాలన్నది మా అమ్మ శాస్త్రం. ఈ శాస్త్రం రాసినవాళ్ళెవరో గాని, వాళ్ళింట్లో పిల్లి లేదు. ఉంటే ఇంటిల్లిపాదీ నీళ్ళు తాగుతూ గుమ్మంలోనే ఉండిపోయేవాళ్ళు.

మా లడ్డు జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఓ ప్లాస్టిక్ గోదాము మాజీ ఉద్యోగి. ఎలుకల్ని పట్టమని పెట్టుకుంటే, వాటితో సంధి చేసుకుని హమాలీల కాళ్ళకు చుట్టుకునేదట. "తీసుకపోండి సార్, దీనికి మనుషులంటే పానం. ఎలుకలనే పట్టించుకోదు" అంటూ వాచ్‌మన్ అట్టపెట్టెలో పెట్టిచ్చాడు.

అమ్మది తెనాలి. "ఎర్రపిల్లి గనక సరిపోయింది, నల్లదైతే నేను రైలెక్కేదాన్ని" అంది.

పొద్దున్నే నేను షూ లేసు కడుతుంటే లడ్డు చేతుల మధ్య దూరుతుంది. తలుపు తీస్తే ముందు తనే గడప దాటి, వెనక్కి తిరిగి, నాకు ఎదురొస్తుంది. "కూర్చోరా, నీళ్ళు తాగు" అంటుంది అమ్మ. కింద హైటెక్ సిటీ క్యాబ్ హారన్ మోగుతుంటుంది. తాగిన నీళ్ళ మహిమ బాలానగర్ దాటాక, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు తెలుస్తుంది. నా అవస్థ చూడలేక అమ్మే శాస్త్రం సవరించింది: సొంత పిల్లికి శకునం వర్తించదు, పరాయి పిల్లికే.

రేబీస్ టీకాకి తీసుకెళ్తే పశువుల డాక్టరు, "ఏం పెడుతున్నారు?" అన్నాడు. పెరుగన్నం అన్నాం. ఆయన పెన్ను కింద పెట్టాడు. పిల్లి పుట్టు మాంసాహారి, టారిన్ అనే పోషకం దానికి మాంసం నుంచే అందాలి, అందకపోతే కళ్ళూ గుండే దెబ్బతింటాయి అన్నాడు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవట. తీపి రుచయితే అసలు తెలియనే తెలియదట. "ఇంతకీ దీని పేరేంటి?" అన్నాడు. చెప్పాం.

"పాలు చూసి పారిపోయిన పిల్లి కథ ఊరికే పుట్టిందా? మా రామకృష్ణుడికి ఎప్పుడో తెలుసు" అని అమ్మ తెనాలి పరువు నిలబెట్టింది గానీ, మాంసానికి మాత్రం ఒప్పుకోలేదు. దుకాణంలో కొన్న గుళికల ప్యాకెట్‌నీ, దాని మీది చేప బొమ్మ చూసి గుమ్మం బయటే ఆపేసింది.

అయినా లడ్డు నిగనిగలాడుతూనే ఉంది. ఎలాగా అనుకుంటుంటే ఓ సాయంత్రం మేడమీదావిడ దిగొచ్చింది. "అమ్మా, మా సుల్తాన్ మీ ఇంట్ల ఉన్నడా? కోడి కార్జం ఉడకబెట్టిన, సల్లారిపోతున్నది."

అమ్మ ఆ రాత్రే దాని మెడలో గజ్జె కట్టింది. తెల్లారేసరికి గజ్జె పక్కన ఆకుపచ్చ రిబ్బను కూడా వేలాడుతోంది. పిల్లి బుగ్గల దగ్గర వాసన గ్రంథులుంటాయి. మన కాళ్ళకు మొహం రుద్దినప్పుడల్లా అది తన వాసన ముద్ర వేసి పోతుంది. ఆ లెక్కన మా అపార్ట్‌మెంటంతా ఎప్పుడో దాని పేరున రిజిస్ట్రేషనైపోయింది. గజ్జెలూ రిబ్బన్లూ మన తృప్తికి.

కానీ శకునం మాటేమిటి? ఎదురొచ్చింది మా లడ్డా, మేడమీది సుల్తానా? అమ్మ రాత్రంతా ఆలోచించి తీర్పు చెప్పింది: పెరుగన్నం తిన్న పూట మనది, కోడి తిన్న పూట వాళ్ళది.

అందుకని ఇప్పుడు ఆఫీసుకు బయల్దేరే ముందు వంగి దాని మూతి వాసన చూస్తున్నాను. పెరుగైతే క్యాబ్. కోడైతే మంచినీళ్ళు.