మందగమన లాప్‌టాప్ పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
బటను నొక్కి పెట్టి పాలు కాచుకొనిన
తెరను చక్రమొకటె తిరుగుచుండు
పాత పళ్ళెరంబు పారవేయక యున్న
రిఫ్రెషులను కొట్ట రిత్తవోవు

అవతారిక: ఏడెనిమిదేళ్ల నాటి లాప్‌టాప్ తెరిచి, దాని ముఖం చూస్తూ కూర్చున్న గృహస్థునికి కవి హితవు చెప్పుచున్నాడు.

ప్రతిపదార్థం: బటను నొక్కి పెట్టి = పవర్ బటన్ అదిమి; పాలు కాచుకొనిన = పాలు పొంగి చల్లారేదాకా ఓపిక పట్టినా (టీ అని కొందరు); తెరను = స్క్రీను మీద; చక్రము ఒకటె = చుక్కల వలయం మాత్రమే (సుదర్శనం కాదు, దీనివల్ల ఎవరికీ రక్షణ లేదు); తిరుగుచుండు = తిరుగుతూనే ఉంటుంది; పాత పళ్ళెరంబు = హార్డ్ డిస్కును; పారవేయక యున్న = మార్చకపోతే; రిఫ్రెషులను కొట్ట = ఎఫ్5 ఎంత బాదినా; రిత్తవోవు = వృథా.

తాత్పర్యం: సుగమం.

విశేషాలు: మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడికి అంత నిగ్రహం లేదు.

పళ్ళెరమని కవి ఊరికే అనలేదు. హార్డ్ డిస్కులో నిజంగానే పళ్ళేలుంటాయి. లాప్‌టాపుల్లో అవి సాధారణంగా నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతాయి, అంటే చుట్టుకు సుమారు 11 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క ఎక్కడుందో అక్కడికి చదివే హెడ్డు జరగాలి, ఆ చోటు తన కిందికి వచ్చేదాకా ఆగాలి. విండోస్ లేచేటప్పుడు చిన్నా పెద్దా ఫైళ్ల కోసం ఈ తిరుగుడు లెక్కలేనన్నిసార్లు జరుగుతుంది. అంతసేపూ ప్రాసెసర్ చేతులు కట్టుకుని నిలబడుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ చూడండి: డిస్క్ దగ్గర 100%, సీపీయూ దగ్గర పదో ఇరవయ్యో. పద్యానికి ప్రమాణం అదే. పళ్ళెరం బదులు వేయవలసింది ఎస్‌ఎస్‌డీ, అంటే చిప్పుల డిస్కు. అందులో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. 2.5 అంగుళాల సాటా రకం చాలావరకు పాత డిస్కు గూట్లోనే కూర్చుంటుంది.

పూర్వపక్షం: రిఫ్రెష్ మతస్థులు పని మొదలెట్టే ముందు ఆచమనంలా మూడుసార్లు ఎఫ్5 మీట కొడతారు. అది డెస్క్‌టాప్ మీది బొమ్మల్ని మళ్లీ చూపిస్తుందే తప్ప మెమరీలో రవ్వంత చోటైనా ఖాళీ చేయదు. ఫార్మాట్ మతం కొంత మేలు. చెత్త పోతుంది, పళ్ళెరం మాత్రం అదే. డిస్కులో చెదిరిన ఫైలు ముక్కల్ని ఒకచోట చేర్చే డీఫ్రాగ్ మతానికి ఒకప్పుడు న్యాయముండేది. ఎస్‌ఎస్‌డీ వేశాక కూడా ఆచరిస్తే దాని ఆయుష్షు తినడమే.

పాఠాంతరం: మూడో పాదాన్ని కొందరు "కురచయైన ర్యాము" అని మొదలుపెడతారు. యతి చెడుతుంది కానీ అర్థం చెడదు. 4 జీబీ ర్యాములో ముప్ఫై ట్యాబులు తెరిస్తే, పట్టని సరుకును విండోస్ డిస్కు మీదికి తోస్తుంది. ఆ వలసంతా మళ్లీ పళ్ళెరం మీదికే కాబట్టి మూలపాఠమే బలవత్తరం.

శంక: ఎస్‌ఎస్‌డీ ఉండీ నత్తనడక నడిస్తే? పద్యం అక్కడ వర్తించదు. స్టార్టప్ జాబితాలో పిలవకుండా లేచే ప్రోగ్రాములను ఆపాలి. ఫ్యానుకు దుమ్ము పట్టి వేడెక్కినా ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పరుపు మీద పెట్టుకుని వాడేవారి కోసం కవి మరో పద్యం రాయవలసి ఉంది.

"పారవేయక" అన్నది యతి కోసం పడిన మాట. నిజంగా పారేయకండి. అందులో పెళ్లి ఫోటోలు, పాన్ కార్డు స్కానులు ఉంటాయి. ముందు వాటికి కాపీ తీసి, డిస్కును కేసింగులో పెట్టి యూఎస్‌బీకి తగిలిస్తే బ్యాకప్‌కు పనికొస్తుంది.